కాలమ్‌గారి సర్వీసు పొడిగింపు

ఆ మందుల కంపెనీ ప్రయోగశాలలో క్రమశిక్షణ ఎంతగా పెరిగిందంటే, మనుషులతో పాటు మందు కూడా డ్యూటీకి వేళకన్నా ముందే రావడం మొదలుపెట్టింది. ఈ సంగతిని యాజమాన్యం సంతోషంతో ప్రకటించింది.

తెలియనివారి కోసం ఒక మాట. అక్కడి యంత్రంలో జానెడు స్టీలు గొట్టం ఉంటుంది. దాని పేరు కాలమ్. లోపల మెత్తటి పొడి కూరి ఉంటుంది. మాత్రను కరిగించి, ఒక ద్రవంతో పాటు అందులోకి తోస్తే, మందు ఒక వేళకు, దానిలోని మలినం ఇంకొక వేళకు విడివిడిగా బయటికొస్తాయి. వచ్చినప్పుడల్లా తెర మీద ఒక గుట్ట లేస్తుంది. రక్తపోటు మాత్ర గుట్ట ఏళ్ల తరబడి ఎనిమిదో నిమిషానికి లేచేది. ఇప్పుడు ఏడుకే లేస్తోంది, ఒక్కోరోజు ఇంకా ముందే.

ఆ యంత్రం ముందు కూర్చునే ఎనలిస్టు అమ్మాయికి ఈ చురుకుదనం నచ్చలేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు కాబట్టి ఆమెకు నచ్చడంతోనూ నచ్చకపోవడంతోనూ ఎవరికీ పనిలేదు. కానీ ఆమె అత్తగారు రోజూ పొద్దున్నే మింగేది ఆ మాత్రే. "మా కోడలు చేసే మందు" అని ఇరుగుపొరుగుకు చెప్పి మరీ మింగుతారావిడ.

అమ్మాయి పద్ధతిగా వెతికింది. పాత ద్రవం పారబోసి కొత్తగా కలిపింది. గొట్టాల బిగింపుల దగ్గర చెమ్మ ఉందేమోనని కాగితం అద్ది చూసింది. పంపు తోసే వేగం కొలిచింది, కాలమ్ ఉండే పెట్టెలో వేడి కొలిచింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఆ కాలమ్ ఒక్కటే. అది అరిగిపోయింది. పొడిలో పట్టు సడలి, మందును ఆపవలసినంతసేపు ఆపలేకపోతోంది. కొత్త కాలమ్ పక్క బీరువాలోనే సీలు విప్పకుండా ఉంది. మార్చడం కాఫీ చల్లారేలోపు అయిపోయే పని.

అయితే అది సామాన్యమైన కాలమ్ కాదు. ఆ మాత్రకు ప్రభుత్వ అనుమతి సంపాదించిపెట్టింది అదే. డైరెక్టరుగారు దాన్ని చేత్తో పట్టుకుని దిగిన ఫొటో వరండాలో వేలాడుతోంది. పైగా డైరెక్టరుగారు స్వయంగా పదవీ విరమణ వయసు దాటి మూడో పొడిగింపులో ఉన్నారు. అందువల్ల ఆ ఆవరణలో పాతబడింది, అరిగింది, మార్చాలి అనే మాటలు వాడుకలోంచి మర్యాదగా తప్పుకున్నాయి. కాలు విరిగిన కుర్చీని సైతం అక్కడ అనుభవం గల కుర్చీ అనేవారు.

అందరూ సర్దుబాటు సార్ అని పిలుచుకునే ఆమె పై అధికారి, సమస్యను శాస్త్రీయంగా పరిష్కరించారు. మందు ఎనిమిదో నిమిషానికే రావాలన్న నిబంధనను సవరించి, ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఎప్పుడొచ్చినా వచ్చినట్టేనన్నారు. మందు ఆరుకన్నా ముందొచ్చిన రోజున నిబంధన మరికాస్త విశాల హృదయం చూపింది.

అమ్మాయి ఉండబట్టలేక మీటింగులో లేచి, "కాలమ్ పనైపోయింది సార్. తీసేసి కొత్తది పెడితే సరిపోతుంది" అనేసింది.

 సర్దుబాటు సార్ తల వంచుకుని ఫైలు తిరగేయసాగారు.

డైరెక్టరుగారు మాత్రం చిరునవ్వుతో మాట్లాడారు. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారమ్మా. వాడిగానే ఉంటాయి. కానీ వినాలంటే చెవులే కావాలి. ఈ కాలమ్ చూసినంత మందు మీరెవరూ చూడలేదు. కుర్రకాలమ్ ఎనిమిది నిమిషాల్లో చేసే పనిని ఇది ఆరు నిమిషాల్లో చేస్తోందంటే, దాన్ని అరుగుదల అనరు, అనుభవం అంటారు."

చప్పట్లు మోగాయి. కాలమ్‌కు సర్వీసు పొడిగించారు.

పొడిగింపు అందుకున్న ఉత్సాహంలో కాలమ్ మరింత త్వరపడింది. వెనకటి రోజుల్లో మందుకు కాస్త ముందు విడిగా లేచే మలినం గుట్ట, జరుగుతూ జరుగుతూ వచ్చిన మందు గుట్టలో కలిసిపోయింది. తెర మీద ఒకటే గుట్ట, నున్నగా, నిండుగా. మాత్ర నూటికి నూరు పాళ్లు స్వచ్ఛమని తేలింది. దేశదేశాల శాస్త్రజ్ఞులు సాధించలేనిది అరిగిన గొట్టం సాధించింది. కంపెనీ పత్రికల్లో ప్రకటన వేయించింది.

"మలినం ఎక్కడికీ పోలేదు సార్, మందు చాటున దాక్కుంది" అంది అమ్మాయి.

"తెలుసమ్మా" అన్నారు సర్దుబాటు సార్. "కనబడనిదాన్ని కొలవమని రూలు లేదు. మీ పర్మనెంటు సంగతి ఈ వారమే తేలాలి."

అమ్మాయి ఆ రిపోర్టు మీద సంతకం పెట్టింది. పెడుతుంటే సిగ్గేసింది, భయం కూడా వేసింది. వారం తిరక్కుండానే ఉద్యోగం పర్మనెంటయింది.

ఆ సాయంత్రమే ఆమె అత్తగారి మాత్రలు మార్చేసింది. ఆడపడుచు పనిచేసే కంపెనీ మాత్రలు తెచ్చి, డాక్టరు మార్చమన్నాడని చెప్పింది. అత్తగారు ఒక పూట చిన్నబుచ్చుకుని, మర్నాటి నుంచి "మా అమ్మాయి చేసే మందు" అని చెప్పి మింగసాగారు. కోడలికి కంటినిండా నిద్రపట్టింది.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. మంచినీళ్ల కోసం వంటింట్లోకెళ్లి, అలమరలో తన కంపెనీ మాత్రలు చూసి నిలబడిపోయింది. వదినను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మకి ఇవి ఎందుకు ఇస్తున్నావు వదినా? మా ఇంట్లో మా మామగారికి నేను మీవే వాడుతున్నాను. మీవి నూటికి నూరు స్వచ్ఛమని పేపర్లో వేశారుగా. అమ్మ కోసం కూడా తెచ్చాను" అని సంచీలోంచి వదిన కంపెనీ మాత్రలు తీసింది. తరవాత గొంతు తగ్గించి, "మా కాలమ్ సంగతి నీకు తెలీదు. దాన్ని ప్రారంభించింది మా ఛైర్మన్‌గారి నాన్నగారు" అంది.

 వదిన తమ వరండాలోని ఫొటో గురించి చెప్పింది. ఇద్దరూ రెండు మాత్రల అట్టలనూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఇంతకీ నన్ను ఏది వేసుకోమంటారే?" అని ముందుగదిలోంచి అత్తగారు అడిగారు.

ఇద్దరూ బాగా ఆలోచించి, తమకు తెలిసినవాళ్లెవరూ పనిచేయని మూడో కంపెనీ మాత్రలు తెప్పించారు. అక్కడ లోపల ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలియదు కాబట్టి అత్తగారి ఆరోగ్యానికి ఇక ఢోకా లేదు. మీరు వాడేవి కూడా ఆ మూడో కంపెనీవే అయ్యుంటాయి లెండి.