ఒక్క మాట దిద్దుటకై ఇగ్లాల్ సలిపిన మహాసమరము

వినుడు, సహనశీలురారా! ఉప్పుగాలికి తలుపుల బందులు సైతము తుప్పుపట్టు అలెగ్జాండ్రియా రేవునందు, రంజాను మాసమున, ఉపవాసదీక్షాశుష్కకంఠులైన గుమాస్తాలు చూపులతోనే గడియారపు ముళ్ళను ముందుకు త్రోయుచున్న అపరాహ్ణవేళ, శీతలౌషధాగారపాలిని, కర్తవ్యపరాయణ, ఇగ్లాల్ సమరసన్నద్ధయై కుర్చీనుండి లేచెను.

కారణమా? వాకిట ఇన్సులిన్ నిండిన లారీ నిలిచియున్నది. డేటాబేసులో ఆ సరుకు వరుసన "ఆపుము" అను మాట "పంపుము" అని మారినగాని గేటు తెరచుకొనదు. ఆ వరుసను చూచుటకు ఇగ్లాల్‌కు అనుమతి కలదు. మార్చుటకు లేదు.

"అక్కా, చల్లమిషన్‌కి డీజిల్ అడుగంటింది. ఇంకాసేపైతే ఈ మందంతా కషాయమే!" అని డ్రైవరు బషందీ ఫోనులో మొత్తుకొనెను.

"ఇంజన్ ఆపకు బషందీ. అనుమతి పట్టుకునే వస్తా."

అంతట ఆమె, సర్వానుమతిప్రదాత, సంతకభీరుశిరోమణి, గిడ్డంగి ముఖమే ఎరుగని డైరెక్టరు మేనల్లునికి సమస్తాధికారములను అడుగకయే ప్రసాదించిన ఉదారహస్తుడు, వగ్దీ ఇంజనీరు సన్నిధి చేరెను. సిగరెట్టు లేక మూతి ముడుచుకొన్న ఆ మహానుభావుడు తల యెత్తలేదు.

"వగ్దీ గారూ, ఆ ఒక్క పట్టికలో మార్చే అనుమతి ఇవ్వండి. లారీ ఎండలో ఉంది."

"మార్పా! మార్పంటే డైరెక్టరు గారి సంతకం కావాలమ్మాయ్. ఆయన ఉమ్రా చెయ్యడానికి మక్కా వెళ్ళారు. పండగయ్యాక రా."

"అందాకా ఇన్సులిన్‌ని మీ నెత్తిన పెట్టుకుంటారా?"

"ఉపవాసంలో ఉన్నాను. నా నోరు తెరిపించకు!"

"నేనేమన్నా టిఫిను లాగించి వచ్చానా? నాదీ ఉపవాసమే. మరి దేనికి అక్కర్లేదు సంతకం?"

"తుడిచెయ్యడానికి అక్కర్లేదు. కొత్తగా రాయడానికీ అక్కర్లేదు. రూల్లో మార్పు అనొక్కటే ఉంది. మార్చింది కళ్ళెదుట కనిపిస్తుంది, ఎవడు మార్చాడని అడుగుతారు. తుడిచేసింది లేనే లేదుగా, ఎవడడుగుతాడు?"

ఆహా, ఏమి ధర్మసూక్ష్మము! ఏమి బుద్ధివైభవము! ఒక్క మాట దిద్దిన మహాపరాధమట, గిడ్డంగి లెక్క సమస్తమును తుడిచిపెట్టిన నిర్దోషమట! ఇట్టి మేధస్సునకు జీతమిచ్చి, పైపెచ్చు ఏసీ గది ఇచ్చి పోషించుచున్న సంస్థను ఏమనవలెను? ఇగ్లాల్‌కు ఒళ్ళు మండిపోయెను.

"అయితే ఆ రెండూ ఇచ్చెయ్యండి."

"ఓస్, ఇంతేనా? ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అని ఆతడు టకటకమని మీటలు నొక్కి, సకలౌషధపట్టికాసంహారశక్తిని ఆమెకు ధారపోసెను.

ఇగ్లాల్ పరుగున తన బల్ల చేరి, ఆ వరుసను సమూలముగా తుడిచి, పొల్లుపోకుండ మరల లిఖించి, చివర "పంపుము" అని నిలిపెను. గేటు కిర్రుమని లేచెను.

"నీ కడుపు చల్లగుండా, బతికించావక్కా!" అని బషందీ లారీని దూకించెను.

కిటికీనుండి చూచిన వగ్దీ మీసము దువ్వుకొని ఇగ్లాల్‌ను కేకవేసెను. "చూశావా? ఏ మార్పూ చెయ్యకుండానే పనైపోయింది."

దిక్కులారా, దిక్పాలకులారా, వినుడు! ఇట్లు వీరనారి ఇగ్లాల్, సంస్థను నామరూపములు లేకుండ చేయగల మహాశక్తిని సంపాదించి, దానితో ఒక్క మాట దిద్ది, జయించితినని కుర్చీలో కూలబడెను. ఆ శక్తిని ఆమెనుండి వెనుకకు తీసికొనుట మాత్రము మార్పు క్రిందికి వచ్చునట. దానికి డైరెక్టరు గారి సంతకము కావలెను.