మూడు కోటప్పకొండలు

“పల్నాటి గడ్డ మీద పక్షపాతానికి ఇక చోటు లేదు!”

ఈ చారిత్రక ప్రకటన నరసరావుపేటలోని ఒక కల్యాణ మండపం వేదిక మీద, పెళ్ళికొడుకులు కూర్చునే సోఫాలోంచి వెలువడింది. ప్రకటించినవారు గోపాలకృష్ణయ్య గారు. ఊరి బయట వారికి మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ ఉంది. ఊరి లోపల పల్నాడు డిజిటల్ క్రీడా సమాఖ్య అధ్యక్ష పదవి ఉంది. మొదటిదాని గురించి వారికి సమస్తమూ తెలుసు. రెండోదాని గురించి, అది కూర్చుని ఆడే ఆట అని తెలుసు.

“అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన నేల ఇది! ఇక్కడ జరిగే పోటీలో ఒక ఊరికి ఎక్కువ, ఒక ఊరికి తక్కువ అనే మాట వినపడకూడదు!” అని వారు సోఫాకి ఆనుకుని ఘోషించారు. కుర్చీలు చాలక కింద చాపల మీద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పోటీ ‘దుర్గరాజ్యం’ అనే కంప్యూటర్ ఆటలో. చదరంగంలాగే ఇందులోనూ ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. అయితే చదరంగం బల్ల ఎప్పుడూ ఒకటే, ఇక్కడ బల్ల ప్రతిసారీ కొత్తది. ఏరులూ కొండలూ అడవులూ గళ్ళు గళ్ళుగా పరుచుకుని ఉంటాయి. దాన్ని మ్యాపు అంటారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల జట్లు ఈ పోటీలో తలపడతాయి. వాటికి మ్యాపు గీసే పని నిస్సీకి అప్పగించారు.

నిస్సీ ఆ ఊరి పిల్లే. ఇంజనీరింగ్ చదివి, మేడ మీద గదిలో కూర్చుని మ్యాపులు గీస్తుంది. ఎక్కడెక్కడి ఆటగాళ్ళో ఆమె మ్యాపుల మీద తన్నుకుంటారు. ఓడిపోయినవాడు తన తలరాతను తిట్టుకుంటాడు గాని మ్యాపును తిట్టడు. ఈ వృత్తిలో అంతకన్నా పెద్ద బిరుదు లేదు. వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ మాత్రం వీధిలో అడిగినవాళ్ళకి, “మా అమ్మాయి కంప్యూటర్లో పొలాలకి గట్లు వేస్తది” అని చెబుతుంది.

ఈసారి నిస్సీకి ఇంకో ఆశ కూడా ఉంది. దుర్గరాజ్యం ప్రపంచ పోటీలకి కొత్త మ్యాపులు ఎంపిక చేస్తున్నారు. ఒక నిజమైన పోటీలో వాడి, ఎవరూ వంక పెట్టని మ్యాపునే తీసుకుంటామని షరతు. సొంత ఊళ్ళో ఆ పోటీ జరుగుతుంటే ఇంకేం కావాలి! ఆమెకున్న ఇబ్బందల్లా ఒకటే. పెద్దవాళ్ళ ముందు ‘కాదు’ అనే మాటకి ఆమె నోరు తిరగదు.

ఆమె మ్యాపును మూడు రెక్కలుగా గీసింది. ఒక రెక్క గీస్తే, కంప్యూటరు దాన్ని తిప్పి మిగతా రెండు రెక్కల్లోనూ అచ్చం అలాగే దించుతుంది. ముందు కదిలేవాడికి సహజంగా కొంచెం లాభం కాబట్టి, చివర కదిలేవాడికి ఒక రైతును అదనంగా ఇచ్చింది. ఆపైన కంప్యూటరు మీదికి కంప్యూటరునే తోలి పదేపదే ఆడించి చూసింది. ఏ రెక్కా ఇంకో రెక్కని మింగలేదు.

కాఫీ తెచ్చిన ఆరోగ్యమ్మ తెర వైపు చూసి, “ఇదేందే, ఫ్యాను గీశావా?” అంది.

సమానత్వం చూడ్డానికి కాస్త ఫ్యానులాగే ఉంటుంది. దాని గాలి ఎవరికీ సరిపోదని మర్నాడు తెలిసింది.

మొదటి ఫోను మాచర్ల నుంచి వచ్చింది. ఆ జట్టు పెద్ద వెంకటకృష్ణ గారు కాలేజీలో భూగోళం చెప్పే లెక్చరరు.

“అమ్మా, సమానత్వం విషయంలో నేను చానా పట్టుదల మనిషిని. ఎవరికీ ఆవగింజంత ఎక్కువ ఉండకూడదు. నేనడిగేది ఎక్కువ కాదు, వాస్తవం. మా మాచర్ల పక్కన కృష్ణమ్మ పారతా ఉందా, లేదా?”

“ఉంది సార్.”

“మరి మ్యాపులో మా మూల ఏరు లేకపోతే భూగోళశాస్త్రం ఏమనుకుంటది? ఒక్క ఏరు. పెద్దది కూడా వద్దు, పడవ పొయ్యేంత! మిగతావాళ్ళకి చెప్పబాక. వాళ్ళకి భూగోళం రాదు.”

“సరే సార్,” అంది నిస్సీ. అనేశాక నాలుక కరుచుకుంది.

గురజాల జట్టు పెద్ద లాయరు రవిశంకర్ గారు స్వయంగా దయచేశారు. వాయిదాకని కోర్టుకొచ్చి, అట్నుంచి అటే నల్లకోటు చేతి మీద వేసుకుని మేడ మెట్లెక్కారు.

“చూడమ్మా, చట్టం ముందు అందరూ సమానమే. అందులో తకరారు లేదు. కానీ తరతరాలుగా అనుభవంలో ఉన్న హక్కుని కూడా చట్టం కాదనదు. మా వైపు గడ్డపార వేస్తే సున్నపురాయి తగులుద్ది. రాతి గని మా మూల లేకపోతే అది మాకు అన్యాయం. ఉంటే అవతలోళ్ళకి అన్యాయం కాదు.”

“ఎట్లాగండీ?”

“వాళ్ళకి తెలిస్తేగా అన్యాయం అయ్యేది!”

గని ఉన్నవాడికి కోటగోడ త్వరగా లేస్తుంది. ఆ సంగతి లాయరు గారికి ఎవరో చెప్పే ఉంటారు. నిస్సీ నోరు మళ్ళీ “సరేనండీ” అంది.

మూడోవారు ఫోను చేయలేదు, ఇంటికీ రాలేదు. అధ్యక్షులు కాబట్టి కబురు పెట్టారు. మిరప ఘాటుకి తుమ్ముకుంటూ నిస్సీ కోల్డ్ స్టోరేజీ ఆఫీసుకి వెళ్ళింది.

“అధ్యక్షుడిగా నాకు మూడు ఊళ్ళూ మూడు కళ్ళమ్మాయ్,” అన్నారు గోపాలకృష్ణయ్య గారు. పోలిక శివుడితో కుదిరినందుకు ఒక్క క్షణం ఆగి ఆనందించారు. “అయితే కోటప్పకొండ లేకుండా నరసరావుపేట ఏంది? మా మూల ఒక కొండ పెట్టు. పైన పేరు కూడా రాయి.”

“కొండెక్కితే అవతలి సైన్యం దూరం నుంచే కనపడుద్దండీ. అది పెద్ద లాభం...”

“లాభం ఎవరడిగారు? భక్తి! దేవుడి దయవల్ల నాలుగు గళ్ళు ఎక్కువ కనపడితే కాదనటానికి మనమెవరం? ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. పక్షపాతం అనుకుంటారు.”

ఇంటికొచ్చి నిస్సీ మంచం మీద కూలబడింది. ఆరోగ్యమ్మ అంతా విని నోరు నొక్కుకుంది.

“ముగ్గురికీ సరే అన్నావా! ఒకరికిస్తే మిగతా ఇద్దరూ పోట్లాటకొస్తారు. ఎవరికీ ఇవ్వకపోతే ముగ్గురూ కలిసి వస్తారు. నీకు నోరెందుకిచ్చాడే ఆ ప్రభువు, అన్నం తినటానికేనా?”

నిస్సీ కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రపంచ పోటీలు కళ్ళ ముందు నుంచి జారిపోతున్నట్టనిపించింది. దిగులుగా మాచర్ల మూలలో ఒక ఏరు గీసింది. అలవాటు ప్రకారం కంప్యూటరు అదే ఏరును మిగతా రెండు రెక్కల్లోనూ పారించింది. చెరిపేయబోయి చెయ్యి ఆపింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత గని పెట్టింది, మూడు గనులయ్యాయి. కొండ పెట్టి పేరు రాసింది. పల్నాడులో మూడు కోటప్పకొండలు వెలిశాయి!

ఆ ఆటలో మన సైనికుడు అడుగుపెట్టేదాకా అవతలివాడి నేల మంచు కప్పినట్టు కనపడదు. అందుచేత ఎవరి మూల బొమ్మ వాళ్ళకే పంపింది. ముగ్గురు పెద్దల నుంచీ ఒకే జవాబు వచ్చింది: “నిష్పక్షపాతం అంటే ఇదీ!”

పోటీ రోజున మండపం నిండిపోయింది. నరసరావుపేటకి అమర్నాథ్, మాచర్లకి షఫీక్, గురజాలకి బిందు ఆడుతున్నారు. ఎవరి వంతు వస్తే వాళ్ళకి కనిపించే నేలను పెద్ద తెర మీద చూపిస్తున్నారు. సోఫాలో పెద్దలు ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని, పక్కవాడి అమాయకత్వానికి లోలోపల జాలిపడుతున్నారు. ఆ జాలిలో తెర వైపు సరిగా చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆట మొదలైన కాసేపటికి బిందు గుర్రపురౌతు మంచును చీల్చుకుంటూ మాచర్ల నేల మీద కాలు పెట్టాడు. తెర మీద ఒక కొండ మెరిసింది. దాని మీద పేరు మెరిసింది.

గోపాలకృష్ణయ్య గారు లేచి నిలబడ్డారు. “మాచర్లలో కోటప్పకొండా! ఆపండి ఆట!”

“ఉంటే మీకేంది?” అన్నారు వెంకటకృష్ణ గారు, అనుకోకుండా దొరికిన కొండను వదులుకోవడం ఇష్టంలేక. అంతలో ఆయన చూపు ఆ కొండ అవతలికి, రౌతు వచ్చిన దారి వెంట గురజాల వైపుకి పోయింది. “అదేంది? గురజాలలో కృష్ణ పారుతుందేంది!”

“పారితే నీళ్ళకి అభ్యంతరం లేదుగా!” అన్నారు లాయరు గారు. మరుక్షణం అమర్నాథ్ వంతు వచ్చి, నరసరావుపేట కోటగోడ పక్కన రాతి గని కనపడింది. లాయరు గారి గొంతు మారిపోయింది. “అబ్జెక్షన్! ఆ గని అక్కడ ఉండకూడదు!”

“ఉండకూడదని మీకెట్టా తెలుసు?” అన్నారు గోపాలకృష్ణయ్య గారు.

“కొండ అక్కడ ఉండకూడదని మీకెట్టా తెలిసిందో, అట్టాగే!”

జనం గొల్లుమన్నారు. ముగ్గురు పెద్దలూ నిస్సీని వెంటబెట్టుకుని పెళ్ళికొడుకు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. చరిత్రలో మొదటిసారి మూడు ఊళ్ళూ ఒక మాట మీద నిలబడ్డాయి.

“ఇది నమ్మకద్రోహం!” అన్నారు లాయరు గారు. “అందరికీ సమానంగా ఇచ్చి మమ్మల్ని మోసం చేసింది!”

“నాకు మాత్రమే అని కదమ్మా నువ్వు సరేనంది?” అన్నారు వెంకటకృష్ణ గారు, మార్కులు తగ్గిన పిల్లవాడిలా.

“అందరికీ ఉన్నాక అది కోటప్పకొండ ఎట్టా అవుద్ది? గుట్ట అవుద్ది!” అన్నారు అధ్యక్షులు.

ఈ గొడవ ఊరు దాటితే మ్యాపు వివాదంలో పడ్డట్టే. అయినా ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక ప్రశ్న నిస్సీ నోట్లోంచి ఊడిపడింది.

“సరేనండీ, మారుస్తాను. ఒక మూల ఎక్కువ, మిగతావి తక్కువ చేస్తాను. అయితే ఏ మూల ఏ ఊరికి రావాలో ఆట మొదలయ్యేటప్పుడు చీటీ వేద్దాం. ఇప్పుడు చెప్పండి, ఏ మూలకి ఎంత ఎక్కువ పెట్టమంటారు?”

లాయరు గారు తలెత్తి, పైన తిరుగుతున్న ఫ్యాను మూడు రెక్కల వైపు చూశారు.

“చీటీలో ఆ తక్కువ మూల మాకే తగిలితే?” అన్నారు వెంకటకృష్ణ గారు.

“తగలొచ్చు సార్.”

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఆ తర్వాత జరిగిన చర్చలో చాపకూడు వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, భూగోళం గుండ్రంగా ఉండటానికి కారణం కూడా వచ్చింది. మధ్యలో రెండుసార్లు టీ వచ్చింది. చివరికి ఏకగ్రీవంగా తీర్మానించారు: మూడు మూలలూ వెంట్రుకవాసి తేడా లేకుండా, ఒకదానిలో ఉన్నది మిగతా రెండింటిలోనూ ఉండేటట్టు, మ్యాపును తక్షణం సవరించవలెను!

“ఈ పని ముందే చెయ్యాల్సింది,” అని నిస్సీని మందలించారు కూడా.

నిస్సీ ఆ గది మూలనే ఉన్న తన కంప్యూటరు దగ్గరికెళ్ళింది. మూడు రెక్కలూ గడి గడికీ సరిచూసుకుంది. తీర్మానానికి విరుద్ధంగా ఉన్న గడి ఒక్కటి కూడా కనపడలేదు. చీటీల పద్ధతి పెట్టి పైకి లేచింది.

బయటికి వచ్చేసరికి ఆట అయిపోయింది! పెద్దల కోసం చూసి చూసి విసుగెత్తిన ఆటగాళ్ళు ఎవరినీ అడక్కుండా ఆడేసుకున్నారు. బిందు గెలిచింది. షఫీక్ ఆమెకి సోడా ఇప్పిస్తున్నాడు.

“చెల్లదు!” అన్నారు మాచర్ల, నరసరావుపేట పెద్దలు. “అది అసమానమైన మ్యాపు మీద గెలుపు. సవరించిన మ్యాపు మీద మళ్ళీ ఆడాల్సిందే!”

మళ్ళీ ఆడారు. చీటీలో బిందుకి వేరే మూల వచ్చింది. మళ్ళీ బిందే గెలిచింది.

“ఇప్పుడు కుదిరింది!” అన్నారు వెంకటకృష్ణ గారు నిట్టూర్చి. “ఓడినా న్యాయంగా ఓడాం.”

గోపాలకృష్ణయ్య గారు మైకు అందుకున్నారు. “పొద్దున జరిగిన అన్యాయాన్ని సాయంత్రానికల్లా సరిదిద్దిన ఘనత మన సమాఖ్యది! ఏమేం సవరించావో సభకి చెప్పమ్మాయ్!”

నిస్సీ చేతికి మైకు వచ్చింది. ‘మీరు చెప్పినట్టే చేశానండీ’ అంటే సరిపోతుంది. ఆ మాట పెదవుల దాకా వచ్చింది కూడా. ఎదురుగా సోడాసీసా పట్టుకుని నిలబడ్డ బిందు కనపడింది. ఆ పిల్ల పొద్దుటి గెలుపును అందరూ కలిసి అన్యాయం కింద జమకట్టారు.

“ఏమీ మార్చలేదండీ,” అంది నిస్సీ. “ఎవరికి ఏ మూల అన్నదే చీటీ వేశాం. మ్యాపు మాత్రం పొద్దుటిదే. బిందు రెండుసార్లూ న్యాయంగానే గెలిచింది.”

లాయరు గారు కోటు గుండీలు వెతుక్కున్నారు. గోపాలకృష్ణయ్య గారు మాత్రం రెప్ప వాల్చలేదు. మైకు వెనక్కి తీసుకున్నారు.

“విన్నారా! మేం తీర్మానం చెయ్యకముందే మా తీర్మానాన్ని అమలు చేయించిన సమాఖ్య ఈ దేశంలో ఇంకోటుందా?”

చప్పట్లు మోగిపోయాయి. ముందుగా కొట్టినవారు వెంకటకృష్ణ గారు, రవిశంకర్ గారు.

తమ ఘనతే అని చెప్పుకున్నాక ఆ మ్యాపుకి ఇక ఎవరూ వంక పెట్టలేకపోయారు కాబట్టి అది ప్రపంచ పోటీలకి ఎంపికైంది. పేరు పలకడం రాని దేశాలవాళ్ళు కూడా ఇప్పుడు కోటప్పకొండ ఎక్కి శత్రువును వెతుకుతున్నారు.

ఆ వార్త తెలిసిన వారంలోపే మూడు ఊళ్ళలోనూ ఫ్లెక్సీలు లేచాయి. ‘ప్రపంచానికి సమానత్వం నేర్పిన పల్నాటి మ్యాపు!’ నరసరావుపేట ఫ్లెక్సీలో గోపాలకృష్ణయ్య గారి ముఖం గుమ్మడికాయంత ఉండి, మిగతా ఇద్దరివీ నిమ్మకాయలంత ఉన్నాయి. మాచర్లలో గుమ్మడికాయ వెంకటకృష్ణ గారు. గురజాలలో లాయరు గారు. అన్నిటా అడుగున ఒక మూల, ‘సాంకేతిక సహకారం’ అనే మాట పక్కన, చింతగింజంత నిస్సీ.

ఆ మూడు ఫోటోలూ ఫోన్లో ఎవరో పంపితే ఆరోగ్యమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళతో పెద్దవి చేసి చేసి చూసింది.

“ఏడవబాకే,” అంది కూతురితో. “మూడూళ్ళలోనూ సమానంగా వేసింది నీ ఒక్కదాని బొమ్మేగా!”