కోట కొమ్మ కింద డబ్బా

పదికల్లా డబ్బా వెతికి పట్టుకుని, పదకొండుకల్లా మగ్గంలో కూర్చోవాలని ఆ ఆదివారం పొద్దున నరేందర్ అనుకున్నాడు. జియోకాషింగ్ అనే ఈ ఆటను అతనికి అంటగట్టింది ఏడో తరగతి చదివే కూతురు శ్రీజ. ఎవరో ఓ చిన్న డబ్బా దాచి, ఫోన్‌లో ఆనవాలు ఇస్తారు. వెతికి పట్టుకున్నవాళ్లు లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టాలి. అంతే, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. తండ్రీకూతుళ్లు ఆత్మకూరులో వెతికారు, రాజోలిలో నది ఒడ్డున వెతికారు, పెబ్బేరు సంతలో ఎద్దుల కాళ్ల మధ్య దూరి మరీ వెతికారు. ఇలా వెతికిన ఆరుసార్లూ ఫోన్‌లో "దొరకలేదు" అనే రాశారు. "ఓపిక ఉండాలె బిడ్డా" అని ప్రతిసారీ చెప్పింది నరేందరే.

రెండు వారాలుగా శ్రీజ అతనితో రావడం మానేసి, మేనమామ హరీష్ బండెక్కి తిరుగుతోంది. నరేందర్‌కు అదే ముల్లులా గుచ్చుకుంటోంది.

"ఇయ్యాల్ల మన గద్వాలలనే ఉందట. వస్తవా?"

"హోంవర్కుంది నాన్నా," అంది శ్రీజ తలెత్తకుండా. "నువ్వు గూడ పోకు. ఎండ కొడ్తుంది."

అయినా బయల్దేరాడు. ఒక్క డబ్బా దొరికితే చాలు, పిల్ల మళ్లీ తన వెంట వస్తుందని అతని ఆశ.

ఆనవాలు మూడే మాటలు: "కోట కొమ్మ కింద." చదవగానే నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా చీరల అంచుకు కోట బురుజుల వరసలాంటి కోటకొమ్మ నేస్తున్నవాడికి ఇదీ ఓ ప్రశ్నేనా? వీధి చివర నేతగాళ్ల సంఘం గోడ మీద ఆ అంచు రంగుల్లో గీసి ఉంది. పోయి దాని కింద మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్ నరేందరూ?" ఎదురింటి సత్యమ్మ అడిగింది.

"డబ్బా పెద్దమ్మా. ఎవరో దాచిపెట్టిపోయిండ్రు."

"ఎవరు?"

"తెల్వదు."

"ఏముంటది అండ్ల?"

"అదీ తెల్వదు."

దాంతో సత్యమ్మకు అంతా తెలిసిపోయింది. లంకెబిందె! పావుగంటలో వీధంతా గోడ దగ్గరే ఉంది. పక్కింటి చెన్నయ్య గడ్డపార పట్టుకొచ్చాడు.

"ఇది ఆట చెన్నన్నా, ఉత్త ఆట!" అని నరేందర్ మొత్తుకున్నాడు.

"ఆటయితే మేం గూడ ఆడ్తం," అని చెన్నయ్య ఒక్క పోటు పొడిచాడు. నల్లా పైపు పగిలింది. నీళ్లు సంఘం గదిలోకి పారి నూలు కట్టలు తడిశాయి. గడ్డపార పట్టిన చెన్నయ్యను ఒక్కరూ ఏమీ అనలేదు. తిట్లన్నీ నరేందర్‌కే పడ్డాయి.

ఎవరు ఫోన్ చేశారో, కానిస్టేబుల్ యేసయ్య వచ్చి, నరేందర్ చూపించిన ఆనవాలు రెండుసార్లు చదివాడు. ఆయన జన్మలో మగ్గం ముట్టినవాడు కాదు.

"కోట వేరు, కొమ్మ వేరు రాసిండు గదనయ్యా! నడుమ జాగ కనపడ్తలేదా? కోట కాడ చెట్టు కొమ్మ!"

నరేందర్ మళ్లీ చూశాడు. జాగా ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ రెండు మాటల్నీ ఒకటిగానే చదువుకున్న కళ్లకు అది ఆనలేదు.

జనమంతా కోట దగ్గరికి కదిలారు. గోడ పక్కన వంగిన వేపకొమ్మ కింద, తొర్రలో, యేసయ్య చేతికి రెండు నిమిషాల్లో డబ్బా తగిలింది. అందులో బంగారం లేదు, చిన్న పుస్తకం ఉంది. ఆయన చివరి రాత తీసి, పోయిన ఆదివారం తేదీ చూసి, అందరికీ వినపడేలా చదివాడు.

"శ్రీజ, హరీష్ మామ. ఐదు నిమిషాల్లో దొరికింది. మా నాన్నకు చెప్పలేదు. పాపం, ఆయనకు ఇంకా ఒక్కటి గూడ దొరకలే."

"నీ బిడ్డనా?"

"నా బిడ్డే సార్."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది నరేందర్‌కు. రెండు వారాలుగా పిల్లకు తన మీద కోపం అనుకున్నాడు. కోపం కాదు, జాలి. అది ఇంకా మండింది.

యేసయ్య జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. "దొరికింది గద, రాయి మరి."

నరేందర్ కూతురి పేరు కింద తన పేరు రాసి, పక్కనే చేతికి అలవాటైన మాట రాశాడు: "దొరకలేదు."