నచ్చిన గొడ్డును తిట్టాల

ఆ పొద్దున హజరత్తయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మనుబోలులో బస్సెక్కడం, నెల్లూరులో దిగడం, కూతురు భానుప్రియకు ల్యాప్‌టాప్ కొనడం, చేపల పులుసుతో భోంచేసి ఇంటికి చేరడం. సోమవారం ఆ పిల్ల ఇంజనీరింగ్ హాస్టల్లో చేరాలి. ల్యాప్‌టాప్ లేకుండా రావద్దని కాలేజీ వాళ్ళు గట్టిగా చెప్పారు. అదేదో ఒళ్ళో పెట్టుకునే యంత్రమట. ఇన్నాళ్ళూ తన ఒళ్ళో పెరిగిన పిల్ల ఒళ్ళోకి వచ్చేదాన్ని తనే ఎంచాలని ఆయన పట్టు.

ఎంపికలో హజరత్తయ్యను మించినవాడు లేడని హజరత్తయ్యే చెప్పుకునేవాడు. ఇంకెవరూ చెప్పకపోవడంతో ఆ భారం కూడా ఆయన మీదే పడింది. వరి పండించడం ఆయన వృత్తి, పశువుల సంతలో బేరాలాడటం ప్రవృత్తి. వృత్తిలో వచ్చింది ప్రవృత్తిలో పోతోందని భార్య ఉషారాణి లెక్క.

బస్సులో కూతురికి పాఠం మొదలుపెట్టాడు.

"పాపా, అంగట్లో నువ్వు నోరు తెరవబాక. నచ్చిన గొడ్డును తిట్టాల, నచ్చని గొడ్డును పొగడాల. అప్పుడే అమ్మేవోడు దిగొస్తాడు. దిగిరాకపోతే మనం లేచిరావాల. నాలుగడుగులేసే లోపల వాడే పిలుస్తాడు."

"అది సంత కాదు నాయనా. రేటు చీటీ అంటించి ఉంటాది."

"సంతలో కొమ్ములకు రంగేసి ఉంటాది. రంగు చూసి నేనెప్పుడన్నా కొన్నానా?"

కొన్నాడు, రెండుసార్లు. కూతురు ఆ ఊసెత్తలేదు.

"ఇంతకీ నీకేది కావాలో చెప్పు. దాన్ని తిట్టే పని నాది."

భానుప్రియ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "వెండిరంగుది ఒకటుంది నాయనా, సన్నంగా. నాకదే కావాల."

ట్రంకురోడ్డులోని దుకాణంలో వాళ్ళకు ఎదురొచ్చిన అమ్మాయి ఫ్లోరా. ఉద్యోగంలో చేరి వారమే అయింది. చెప్పిన ప్రతి మాటా నమ్మే వయసు, నమ్మే ఉద్యోగం. వెండిరంగుది ఒక్కటే మిగిలిందని బల్ల మీద పెట్టింది. పక్కనే నల్లది, లావుపాటిది ఒకటుంది.

హజరత్తయ్య వెండిదాన్ని నోరు తెరిపించి పళ్ళు చూశాడు. వీపు తట్టాడు. అంతలో తెర వెలిగి, మధ్యలో ఒక చిన్న చక్రం గిరగిరా తిరిగింది.

"అమ్మో, సుడి!" అని గావుకేక పెట్టాడు. "నడినెత్తిన సుడి! ఇట్టాంటిదాన్ని ఇంటికి తోలుకుపోతే కొంప గుల్లే. అయినా ఇదేంది, గంజి తాగి పెరిగినట్టుంది!"

"అది ఆన్ అవుతోంది సార్," అంది ఫ్లోరా బెదిరిపోయి. "దీనికి రెండేళ్ళ వారంటీ కూడా ఉంది."

"వారం అంటావు, రెండేళ్ళంటావు. ఏదో ఒకటి చెప్పు తల్లీ."

"మౌసు మాత్రం విడిగా కొనాలి సార్."

"ఎలకలు మా చేలో పుట్లకొద్దీ ఉండాయిలే." ఆయన నల్లదాని వైపు తిరిగి చేతులు జోడించాడు. "అదమ్మా గొడ్డంటే! ఆ వీపేంది, ఆ రంగేంది! నాలుగేళ్ళు ఆపకుండా దున్నినా ఆయాసపడదు."

"అయితే అదే ప్యాక్ చేయమంటారా సార్?"

"వద్దు!"

"బాగుందన్నారు కదా?"

"బాగుంది కాబట్టే వద్దు."

ఫ్లోరా రేటు మాత్రం దించలేదు. దిగిరాకపోతే లేచిరావాలి గదా. తుండు విదిలించి భుజాన వేసుకుని హజరత్తయ్య బయల్దేరాడు. నీళ్ళు తాగొస్తానని భానుప్రియ లోపలే ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులేశాడు. ఎవరూ పిలవలేదు. ఐదో అడుగు బాగా చిన్నదిగా వేశాడు. అట్లా అంగుళాల మీద నడిచి మెట్ల దాకా వచ్చేశాడు. అప్పుడు వెనకనుంచి, "సార్! సార్!" అంటూ ఫ్లోరా పరుగెత్తుకొచ్చింది.

"రాకేం చేస్తావు!" అని ఆయన మీసం దువ్వాడు.

"మీ గొడుగు మర్చిపోయారు సార్," అని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఎండలో గొడుగేసుకుని ఇంకో పిలుపు కోసం నిలబడ్డాడు. పిలుపు రాలేదు గానీ, చంకలో పెట్టెతో ఒక పెద్దమనిషి బయటికొచ్చాడు. పెట్టె మీద వెండిరంగు ల్యాప్‌టాప్ బొమ్మ!

"అన్నా, నీది యా సంత?" అన్నాడు నవ్వుతూ. "నా పేరు సమాధానం. నాయుడుపేటలో పశువుల బేరగాణ్ణి. మా అబ్బాయికి ఏది కొనాల్నో తెలీక తిరుగుతా ఉండా. లోపల నువ్వు దీన్ని అంతలేసి మాటలన్నావు చూడూ, మేలుజాతిదని అప్పుడే అర్థమైపోయింది."

సమాధానం మాటకు హజరత్తయ్య దగ్గర సమాధానం లేదు. బిడ్డ నోటికాడి ముద్దను నా నోటితోనే నెట్టేశానే అనుకున్నాడు. సోమవారం ఆ పిల్ల ఉత్తచేతులతో హాస్టల్ గుమ్మం తొక్కడం కళ్ళముందు కనిపించింది. ఇక ఆగలేదు. భుజాన ఉన్న తుండు తీసి సమాధానం చేతి మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో బేరం ఇట్లాగే, మాటల్లేకుండా.

ఆయన రెండు వేళ్ళు నొక్కితే సమాధానం మూడు నొక్కాడు. దుకాణం కాపలావాడు చేతబడేమోనని ఆరడుగులు వెనక్కి జరిగాడు. చివరికి రొంటిన ఉన్న ధాన్యం డబ్బంతా, దాని మీద ఇంటి దగ్గరున్న పెయ్యదూడా అన్న చోట పట్టు కుదిరింది. పట్టు కుదిరితే మాట తిప్పడం సంతలో లేదు. బేరం ఆడదామని వచ్చినవాణ్ణి బేరమే ఆడించింది.

పెట్టెను గుండెకు హత్తుకుని తిరిగేసరికి మెట్ల మీద భానుప్రియ! దాని చేతిలోనూ ఒక పెట్టె. పెట్టె మీద నల్లటి ల్యాప్‌టాప్.

"ఇదేంది పాపా?"

"నాకు కావాల్సింది ఇదే నాయనా. అమ్మ నా ఫోనులోకి డబ్బేసింది. మీ నాయన లేచొచ్చేటప్పుడు కొనేసుకో అనింది."

"మరి బస్సులో వెండిదన్నావే!"

"నచ్చనిదాన్ని పొగడమన్నావు గదా? నచ్చింది చెప్పుంటే దాన్ని తిట్టి ఇంకోరి చంకలో పెట్టేవాడివి." అప్పుడు దాని చూపు తండ్రి గుండెల మీది పెట్టె మీద పడింది. "నాయనా... ఇదెవురికి?"

హజరత్తయ్య చేపల పులుసు మాటే ఎత్తలేదు.

పెయ్యదూడ నాయుడుపేట వెళ్ళిపోయింది. భానుప్రియ నల్లదానితో హాస్టల్లో చేరింది. వెండిది మాత్రం మనుబోలులో అమ్మకానికి ఉంది. హజరత్తయ్య అరుగు మీద పెట్టుకుని వచ్చేపోయే వాళ్ళకు చూపిస్తున్నాడు. సన్నమని ఒకరు, సుడి ఉందని ఒకరు, చూసిన ప్రతివాళ్ళూ తిట్టిపోతున్నారు. అందరికీ భలే నచ్చిందని ఆయన సంబరం.