చెడ్డమాట వినని బాసు

ఉద్యోగం చేసేచోట మనిషికి కావలసిందేమిటి? మంచి జీతమా? చల్లటి గదా? కానే కాదు! చెడ్డమాట చెవిన పడనివ్వని బాసు! అలాంటివాడు దొరికితే ఆ కంపెనీ దశ తిరిగినట్టే.

నమ్మరా? అయితే మా సింగతోకా ఊళ్ళో బస్సుల కంపెనీ మేనేజరు సతేంద్ర సంగతి వినండి.

సతేంద్ర ఆమధ్య రాజధాని సువా వెళ్ళి నాయకత్వ శిక్షణ పొంది వచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలుగా చిరాకుపడే మనిషే. వచ్చేటప్పుడు మాత్రం ముఖానికి ఓ నవ్వు అతికించుకుని వచ్చాడు. ఆ సోమవారమే మీటింగు పెట్టి, ఇకమీదట ఎవరూ సమస్యలు మాట్లాడకూడదని ప్రకటించాడు.

మెకానిక్ రియాజ్‌కి ఈ నవనాగరికత అర్థం కాలేదు. చెయ్యెత్తాడు.

"బాస్, కొండ రూటు బస్సుకి బ్రేకు సరిగ్గా పట్టట్లేదు. రెండుమూడు సార్లు తొక్కితేగానీ ఆగట్లేదు."

"రియాజ్ భాయ్, పొద్దున్నే ఈ ఏడుపేంటి? పట్టట్లేదు అనకు. పట్టబోతోంది అను!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టనివాళ్ళెవరో సతేంద్ర చూస్తున్నాడు కదా! మర్నాటినుంచి రియాజ్ పని మారింది. స్పానరు పక్కన పెట్టించి, చేతికి కుంచె ఇచ్చారు. ఆ బస్సు పొడుగునా 'మనమంతా ఒకే కుటుంబం' అని ఎర్రరంగుతో రాశాడు. రాత ముత్యాల్లా కుదిరింది. బ్రేకు మాత్రం అలాగే ఉంది.

ఇక చూడండి ఆఫీసు ప్రశాంతత! ఫిర్యాదన్నది లేదు. డ్రైవర్లు షెడ్డు వెనక మత్తెక్కించే యంగోనా వేరు కషాయం గిన్నె చుట్టూ చేరి, ఏ బస్సుకి ఏ రోగమో చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. సతేంద్ర అటు వస్తే అందరిదీ ఒకటే మాట: "అంతా బాగుంది బాస్!" అందరికన్నా గట్టిగా అనేవాడు కొండ రూటు డ్రైవరు ఇసిమేలి.

అతను ఆ బస్సుని మొదటి గేరులో పెట్టి, కీర్తనలు పాడుకుంటూ కొండ దించేవాడు. ఎంత భక్తిపరుడో అని ప్రయాణికులు ముచ్చటపడేవారు. పని చేసేచోట ఇంతకన్నా ఆధ్యాత్మిక వాతావరణం ఇంకెక్కడుంటుంది?

అంతలో కంపెనీ పిక్నిక్ వచ్చింది. కొండవతల నది ఒడ్డున. కొత్త రంగుతో మెరిసిపోతున్న బస్సే కావాలన్నాడు సతేంద్ర. వాళ్ళమ్మ సావిత్రమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ రొట్టెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "ఏం నాయనా, బాగున్నావా?" అని ఇసిమేలిని పలకరించింది.

ఇసిమేలి సతేంద్రవైపు తిరిగాడు. "బాస్, ఇంకో బస్సులో వెళ్దామా?"

"దీనికేమైంది?"

అందరూ చూస్తున్నారు.

"ఏమీ కాలేదు బాస్. అంతా బాగుంది."

కొండ ఎక్కడం సాఫీగానే జరిగింది. పైన, దిగుడు మొదలయ్యేచోట ఇసిమేలి బస్సాపి, కిందికి దూకి, చక్రాల కింద రాళ్ళు పెట్టాడు.

"నేను దించను బాస్. దీనికి బ్రేకు లేదు."

సతేంద్ర ముఖంమీది నవ్వు మొదటిసారిగా ఊడిపోయింది. "మా అమ్మ ఉందిరా లోపల! మరి ఇన్నాళ్ళూ ఎలా నడిపావు?"

"ఇన్నాళ్ళూ ఎక్కింది మా అమ్మలు బాస్. మీ అమ్మగారు ఎక్కడం ఇవాళే."

గడుసుగానే అందామనుకున్నాడు. కానీ అనేసరికి ఆ మాట తనకే తగిలింది. స్టీరింగు పట్టుకున్నది తనే కదా! తలొంచుకుని రోడ్డు పక్కన కూలబడ్డాడు. సావిత్రమ్మ బస్సు దిగింది. డబ్బా పట్టుకుని కొండ కిందికి నడక మొదలుపెట్టింది. ఆవిడ వెనకే కొడుకు, వాళ్ళ వెనక కుటుంబమంతా.

సోమవారం మళ్ళీ మీటింగు. సతేంద్ర నవ్వు మళ్ళీ అతికించుకుని వచ్చాడు. "ఇకమీదట మనం మనసు విప్పి మాట్లాడుకోవాలి. ఎవరికైనా ఏమైనా ఇబ్బందులున్నాయా?"

ఎవరూ కిక్కురుమనలేదు. ఒకసారి మూసిన నోళ్ళు, తెరవమంటే తెరుచుకుంటాయా? రియాజ్ కూడా కుంచె మీది రంగు గీకుతూ కూర్చున్నాడు.

చివరికి ఇసిమేలి లేచాడు. "రియాజ్ చెప్పినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. సిగ్గేస్తోంది. ఇంకో నాలుగు బస్సులు అలాగే ఉన్నాయి బాస్."

"మరి... పరిష్కారం?"

ఇసిమేలి జేబులోంచి బస్సు తాళం తీసి బల్లమీద పెట్టాడు. కాసేపటికి ఇంకో డ్రైవరు లేచాడు. తర్వాత మరొకడు. సతేంద్ర బల్లమీది తాళాలు లెక్కపెట్టి, రియాజ్‌ని స్పానరు తెచ్చుకోమన్నాడు.

ఆ పొద్దున బస్సులు రాక స్టాపుల్లో జనం ఎండలో మాడిపోతూ డ్రైవర్లను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. బాసుని ఒక్కరూ తిట్టలేదు. పాపం, ఆయనకెవరూ చెప్పలేదట కదా!

అయినా నా మాట నేను మార్చుకోను. చెడ్డమాట వినని బాసు వరమే! ఏ కంపెనీవాళ్ళయినా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఒక్కటే షరతు: రోజూ పొద్దున్నే మొదటి బస్సులో, ముందు సీట్లో, వాళ్ళమ్మ కూర్చోవాలి.