బ్యాటరీ చచ్చిన వేళావిశేషం

చలికి కారు బ్యాటరీ చచ్చిపోవడమంత మేలు ఈ కజక్ నేల మీద ఇంకొకటి లేదు! చలికి జడవని బ్యాటరీ కోసం తలలు బద్దలుకొట్టుకుంటున్న శాస్త్రవేత్తలారా, కాస్త ఆగండి. ముందు జుమాగుల్ ఆపా, అంటే మన భాషలో పెద్దమ్మ, సంగతి వినండి.

మా బొగ్గు గనుల ఊళ్లో నాలుగో అంతస్తులో ఆవిడ కాపురం. బయట సున్నాకు ముప్పై డిగ్రీలు కింద. సర్కారు పంపే వేడినీళ్లు రాక, ఇళ్లను వెచ్చబెట్టే రేడియేటర్లు వారంగా మంచుగడ్డలు. బొగ్గు తవ్వే ఊళ్లో చలి కాచుకునే దిక్కులేదు, చూశారా? భర్త ఒరిన్‌బాయ్ రోజూ కారు బ్యాటరీ ఊడదీసి, పైకి మోసుకొచ్చి, ఇంట్లో ఉన్న మంచి దుప్పటి దానికే కప్పుతాడు.

"నన్నూ కారుకే తగిలించు. దుప్పటైనా దక్కుతుంది" అందావిడ.

అర్జీల మీద అర్జీలు పెట్టగా చివరికి తలప్‌బెక్ అనే అధికారి నల్లకారులో దిగాడు. జనాన్ని ముంగిట్లో నిలబెట్టి, వేడి సంగతి దాటేసి, ఒరిన్‌బాయ్ బ్యాటరీ ముచ్చట పట్టుకుని గంటసేపు రసాయనశాస్త్రం బోధించాడు. బ్యాటరీ కరెంటు ఇస్తుంటే ఆమ్లంలోని సల్ఫేటు సీసపు పలకలకు అంటుకుంటుందట. చార్జి పెడితే వదిలి మళ్లీ ఆమ్లంలో కలుస్తుందట. నిండు చార్జితో చలిలో ఊరికే పడుంటే బ్యాటరీ త్వరగా దిగిపోదట. మనిషీ అంతేనట!

జుమాగుల్ వినయంగా అడిగింది.

"మరి నాయనా, ఆ సల్ఫేటు వదలకుండా పలకల మీదే ఉండిపోతే?"

"గట్టిపడిపోతుంది ఆపా. ఇంక కదలదు."

"మీ ఆఫీసులో మా అర్జీల్లాగా."

జనం నవ్వారు. ఆయన మొహం మాడ్చుకుని కారెక్కాడు. స్టార్ట్ చేయబోతే కారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. చలికి ఆమ్లం చిక్కబడి, లోపలి రాకపోకలు మందగించాయి మరి. ఒరిన్‌బాయ్‌ని బ్యాటరీ అడిగితే, అది పడుకుంది, లేపితే బాగుండదన్నాడు.

ఇంకేం చేస్తాడు? నాలుగంతస్తులూ ఎక్కి ఆపా ఇంట్లో కూర్చున్నాడు. అతిథి కాబట్టి ఆవిడ పాలు పోసిన టీ ఇచ్చింది. వణుకుడికి సగం ఒళ్లోనే ఒలికింది. రెండో గిన్నె టీ అయ్యేలోపే ఎవరెవరికో ఫోన్లు చేసి కేకలేశాడు. పొద్దు కుంకకముందే రేడియేటర్లు వేడెక్కాయి.

పక్క భవనానికి మాత్రం వేడి ఇంకా రాలేదు. అక్కడివాళ్లు అర్జీలు రాయడం మానేశారు. అధికారిగారు తమ ముంగిటికి ఎప్పుడు దయచేస్తారు, ఆ రోజు చలి ఎంత ఉంటుంది అన్న రెండు విషయాలే ఇప్పుడు వాకబు చేస్తున్నారు.