పిల్లలు మందుకి అలవాటు పడ్డారు

ఆ ఉదయం మైక్రోబయాలజీ మేడమ్‌కి ఒకే ఒక్క ప్లాను. మందుకి లొంగని బ్యాక్టీరియా ఆ మొండితనం తాలూకు జన్యువుని పక్కనున్న బ్యాక్టీరియాకి ఎలా అందిస్తుందో క్లాసుకి కళ్లారా చూపించాలి. దానికోసం ఏడాదిపాటు యాంటీబయాటిక్ చుక్కచుక్కగా పెంచుతూ గొట్టాల్లో వాటిని సాకింది. ఆమె పరిశోధనంతా ఆ గొట్టాలే. సాకి సాకి వాటిని పిల్లలనే పిలవడం అలవాటైంది. "ఇంకో ఫ్రిజ్‌లో కూడా కొన్ని దాచవే" అని అక్క ఎన్నిసార్లు పోరినా, "రేపు దాస్తాలే" అనేది.

మెట్లెక్కుతూ ఆనందం పట్టలేక ఆ అక్కకే ఫోన్ చేసింది. "అక్కా, మా పిల్లలు మందుకి బాగా అలవాటు పడిపోయారే! ఎంత పోసినా ఒక్కడూ పడట్లేదు. పక్కవాళ్లకి కూడా నేర్పేస్తున్నారు!"

వెనకే వస్తున్న కాలేజీ గుమస్తా ఆ మాట విన్నాడు. వెళ్లి హాస్టల్ వార్డెన్ చెవిన వేశాడు. వార్డెన్ ఒక తండ్రికి ఫోన్ కొట్టాడు, ఆయన మిగతా తండ్రులకి. కాసేపటికి ప్రిన్సిపాల్ ల్యాబ్‌లోకి ఊడిపడ్డాడు.

"ఏమ్మా, ఇక్కడ మందు ఉందట?"

"ఫ్రిజ్ నిండా ఉంది సార్!" ఇన్నాళ్లకి తన పని గురించి అడిగే మనిషి దొరికాడని ఆమె మొహం వెలిగిపోయింది.

"పిల్లలకి... మీరే పోస్తున్నారా?"

"ఇంకెవరు పోస్తారు సార్? మొదట్లో చుక్క. ఇప్పుడు సీసా ఎత్తినా వాళ్లకి చలనం లేదు."

"అందరూ తట్టుకుంటున్నారా?"

"అబ్బే, చాలామంది పోయారు సార్. మిగిలినవాళ్లనే ఇవాళ చూపిస్తున్నా. ఉండండి, పిల్లల్ని పిలుచుకొస్తా."

"ఎవర్ని, పోయినవాళ్లనా?" అంటూ ప్రిన్సిపాల్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె అప్పటికే క్లాసు వైపు పరుగు తీసింది.

విద్యార్థులతో తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. గేటు దగ్గర తండ్రులు అరుస్తున్నారని, వాసన కూడా మిగలకూడదని ప్రిన్సిపాల్ పురమాయిస్తే, అటెండరు సీసాలూ గొట్టాలూ అన్నీ సింకులో ఒంపేసి, పైన బకెట్ బ్లీచింగ్ నీళ్లు కుమ్మరించాడు.

"కాలేజీ పరువు దక్కిందమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్.

ఆమె ఖాళీ గొట్టం ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూసింది. "సార్, పిల్లలంటే... నా బ్యాక్టీరియా సార్. మందంటే యాంటీబయాటిక్."

యాంటీబయాటిక్ అన్న మాట కాస్త ముందు నోటికొచ్చి ఉంటే! ఆ 'రేపు' ఏదో నిన్నే అయిపోయి ఉంటే!

"ఆ మందా!" ప్రిన్సిపాల్ తల నేలకి దిగిపోయింది.

వెనక నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఇందాక నాన్న ఫోన్ చేశాడు. గుమస్తా గారి నుంచి వార్డెన్‌కి, వార్డెన్ నుంచి మా నాన్నకి... పక్కవాడికి అందించడమంటే ఇదేగా?"

"ఇదేనమ్మా" అంది మేడమ్, ఖాళీ గొట్టాన్ని స్టాండులో పెడుతూ.

గేటు వైపు నుంచి ఇంకా కేకలు వినిపిస్తూనే ఉన్నాయి, "మా పిల్లలకి మందు పోస్తారా!" అని. ఆ ల్యాబ్‌లో పుట్టినవాటిలో బ్లీచింగ్‌ని తట్టుకుని బతికింది ఆ పుకారు ఒక్కటే.